పదిహేను వేలకు మూడో పేరు

ఈ నెల నాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బెంగతో వచ్చాయి. అమెరికాలో రెసిడెన్సీ రావాలంటే రీసెర్చి ఎంత ఉండాలి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: మన దగ్గర ఎంబీబీఎస్‌ తర్వాత పీజీ ఎలాగో, ఇక్కడ రెసిడెన్సీ అలాగ. మన దగ్గర నీట్‌ పీజీ ర్యాంకు చూసి సీటు ఇస్తారు. రీసెర్చి ఉందా లేదా అని ఎవరూ అడగరు. ఇక్కడ పరీక్షలు (స్టెప్‌ 1, స్టెప్‌ 2 సీకే అంటారు), సిఫారసు ఉత్తరాలు, చేసిన పని, ఇంటర్వ్యూ అన్నీ కలిపి చూస్తారు. చివరికి ఎవరికి ఎక్కడ సీటో తేల్చే పద్ధతి పేరు మ్యాచ్‌. పుట్టినప్పటి నుంచీ ర్యాంకుల్లో పెరిగిన మన పిల్లలకు ఈ 'అన్నీ కలిపి' అనేదే పెద్ద టెన్షన్‌. నాకూ అలాగే ఉండేది.

ప్రశ్న: మేడమ్‌, నేను కాకినాడలో హౌస్‌ సర్జన్సీ చేస్తున్నాను. స్టెప్‌ 1 పాసయ్యాను, స్టెప్‌ 2 సీకేకి చదువుతున్నాను. ఇంటర్నల్‌ మెడిసిన్‌ కావాలి. నాకు ఒక్క పబ్లికేషన్‌ కూడా లేదు. మా వాట్సాప్‌ గ్రూపులో ఒకాయన రివ్యూ ఆర్టికల్‌లో మూడో ఆథర్‌గా పేరుకి 15 వేలు, మొదటి ఆథర్‌కి 40 వేలు అని మెసేజ్‌ పెట్టాడు. నాలుగు రోజుల్లో స్లాట్లు అయిపోతాయట. నా ఫ్రెండ్స్‌ ముగ్గురు కట్టేశారు. పది పబ్లికేషన్లు లేకపోతే మ్యాచ్‌ కాదంటున్నారు. నాన్నని డబ్బు అడగాలంటే మొహం చెల్లడం లేదు. కట్టమంటారా?
– పేరు వద్దు, కాకినాడ

జవాబు: వద్దమ్మా, కట్టొద్దు. నాన్నని అడగడానికి మొహం చెల్లడం లేదన్నావు చూడు, ఇది సరైన పని కాదని నీకూ తెలుసన్నమాట. అయినా భయం పోలేదు కాబట్టి రాశావు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్తాను.

2022 జనవరి దాకా స్టెప్‌ 1కి మూడంకెల స్కోరు ఉండేది. మనవాళ్లు దానికోసం ఏడాది పాటు పుస్తకాల్లోంచి తల ఎత్తేవాళ్లు కాదు. ఆ నెల 26 నుంచి అది ఉత్త పాస్‌, ఫెయిల్‌ అయిపోయింది. అంతకు ఏడాది ముందే, పేషెంటుతో మాట్లాడే తీరు చూసే స్టెప్‌ 2 సీఎస్‌ని పూర్తిగా ఎత్తేశారు. అప్లికేషన్‌ వేసేనాటికి తప్పకుండా చూపించాల్సిన స్కోరు అంటూ మిగిలింది సీకే ఒక్కటే. పోల్చుకోవడానికి ఉన్న ఒక అంకె పోయేసరికి అందరూ ఇంకో అంకె వెతుక్కున్నారు. పబ్లికేషన్ల సంఖ్య చేతికి దొరికింది. దాన్ని అమ్మేవాళ్లూ వెంటనే తయారయ్యారు.

నీ ఫ్రెండ్స్‌ చెప్పే 'పది' కూడా ఇలాగే పుట్టింది. మ్యాచ్‌ నడిపే ఎన్‌ఆర్‌ఎంపీ సంస్థ, సీటు వచ్చినవాళ్ల వివరాలు, రానివాళ్ల వివరాలు స్పెషాలిటీల వారీగా సరాసరి కట్టి అప్పుడప్పుడూ ప్రచురిస్తుంది. అందులో అబ్‌స్ట్రాక్టులు (చేసిన పని సారాంశాలు), ప్రెజెంటేషన్లు, పబ్లికేషన్లు మూడూ కలిపి ఒకే అంకె. కాలేజీ ఫెస్టులో చార్టుగా పెట్టిన పోస్టరూ ఒకటే, పెద్ద జర్నల్లో అచ్చయిన పేపరూ ఒకటే. ఒకే పనిని ముందు అబ్‌స్ట్రాక్టుగా పంపి, తర్వాత పోస్టరు పెట్టి, ఆ పైన పేపరుగా వేస్తే అక్కడ మూడుగా కనిపిస్తుంది. పైగా అది సరాసరి. ఒకరికి 30 ఉండి మిగతా ఐదుగురికి సున్నా ఉన్నా సరాసరి 5 అవుతుంది. ఆ అంకె చూసి, ఐదు లేనివాళ్లకి సీటు రాదని వాట్సాప్‌లో చెప్పుకుంటే అది లెక్క తెలియకపోవడమే.

మరి ఇక్కడ నిజంగా ఏం చూస్తారు? నేను పనిచేసే హాస్పిటల్లో ఇంటర్నల్‌ మెడిసిన్‌ అప్లికేషన్లు చదివే ఐదారుగురిలో నేనూ ఒకదాన్ని. సెప్టెంబరు ఆఖరున అప్లికేషన్లు మా ముందు తెరుచుకుంటాయి. సీట్లు పాతిక లోపు, అప్లికేషన్లు వేలల్లో. అన్నీ చదవడం ఎవరి వల్లా కాదు కాబట్టి ముందు జల్లెడ పడతారు: సీకే స్కోరు, మొదటిసారే పాసయ్యారా, ఎంబీబీఎస్‌ పూర్తయి ఎన్నేళ్లయింది, వీసా కావాలా. ఆ జల్లెడలో రీసెర్చి లేదు. జల్లెడ దాటినవాళ్లవి చదువుతాం. ముందు ఉత్తరాలు చదువుతాం. అమెరికాలో ఏదైనా హాస్పిటల్లో కొన్ని వారాలైనా రౌండ్స్‌కి వెళ్లావా, అక్కడ నిన్ను చూసిన డాక్టరు నీ గురించి ఏం రాశారు అన్నది నేను రెండుసార్లు చదువుతాను. రీసెర్చి ఆ తర్వాత. మాలాంటి కమ్యూనిటీ హాస్పిటల్లో రీసెర్చి లేదన్న ఒక్క కారణంతో ఎవరినైనా పక్కన పెట్టడం నేను చూడలేదు. యూనివర్సిటీ ప్రోగ్రాములు ఇంకా ఎక్కువ పట్టించుకుంటాయి. వాళ్ల రెసిడెంట్లు చాలామంది రెసిడెన్సీ తర్వాత చేసే కార్డియాలజీ, గ్యాస్ట్రో ఫెలోషిప్‌లకు వెళ్తారు, అక్కడ రీసెర్చి అడుగుతారు కాబట్టి.

అయితే రీసెర్చి ఎందుకూ పనికిరాదని నేను అనడం లేదమ్మా. కొనుక్కున్నది పనికిరాకపోవడమే కాదు, మెడకు చుట్టుకుంటుంది. నా కళ్లారా చూసింది చెప్తాను.

రెండేళ్ల కిందట జూమ్‌లో ఒక అబ్బాయిని ఇంటర్వ్యూ చేశాను. లిస్టులో పద్నాలుగు పబ్లికేషన్లు. నాలుగోది డయాబెటిస్‌ మందుల మీద సిస్టమాటిక్‌ రివ్యూ, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ వెతికి బేరీజు వేసే పని. రోజూ వార్డులో రాసే మందులే కాబట్టి నిజమైన ఆసక్తితోనే అడిగాను: "ఎన్ని పేపర్లు వెతికారు? వేటిని తీసేశారు, ఎందుకు?" అతను కిందికి చూశాడు. టేబుల్‌ మీద కాయితాలు తిప్పిన చప్పుడు నాకు వినిపించింది. "అది టీమ్‌లో వేరేవాళ్లు చూసుకున్నారు" అన్నాడు. "సరే, మీరు చేసిన భాగం చెప్పండి" అన్నాను. కాసేపాగి "ప్రూఫ్‌ రీడింగ్‌" అన్నాడు. స్కోరు బాగుంది, మాట తీరు మర్యాదగా ఉంది, వార్డులో మంచి డాక్టరే అయ్యుండేవాడేమో. కానీ ఆ తర్వాత మా కమిటీలో అతని మిగతా పదమూడింటినీ ఎవరూ నమ్మలేదు. నిజంగా చేసి ఉంటాడేమో అనిపించే పల్లెటూరి మెడికల్‌ క్యాంపుల పనిని కూడా నమ్మలేదు. అతని ఇంగ్లీషులో మా తెనాలి యాస వినిపించింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

జర్నళ్ల ఎడిటర్లు పెట్టుకున్న నియమం ఒకటుంది. ఆథర్‌ అనిపించుకోవాలంటే నాలుగూ చేసి ఉండాలి: పనిలోగానీ దాని విశ్లేషణలోగానీ చెప్పుకోదగ్గ పాలు, రాయడంలో లేదా దిద్దడంలో పాలు, చివరి ప్రతికి ఒప్పుకోలు, తర్వాత ఎవరు ప్రశ్నించినా జవాబు చెప్పే బాధ్యత. పదిహేను వేలకు ఈ నాలుగింట్లో ఒక్కటీ రాదు. ఇలాంటి పేపరు బయటపడితే జర్నల్‌ దాన్ని వెనక్కి తీసుకుంటుంది. వైద్య పేపర్ల జాబితా ఉండే పబ్‌మెడ్‌లో నీ పేరు పక్కన 'రిట్రాక్టెడ్‌' అన్న మాట నువ్వు రిటైరయ్యే దాకా ఉంటుంది. అప్లికేషన్లో అబద్ధం రాసినట్టు తేలితే ఆ అప్లికేషన్ల వ్యవస్థ నడిపే ఏఏఎంసీ సంస్థ విచారణ వేరే. నీ ఫ్రెండ్స్‌ ముగ్గురికీ ఈ మాట చెప్పు. ఇంకా అచ్చు కాకపోతే పేరు తీసేయమని అడిగే వీలుంది. డబ్బు పోతే పోయింది.

ఇప్పుడు నా సంగతి. 2006లో గుంటూరు పెద్దాసుపత్రిలో నేను హౌస్‌ సర్జన్‌ని. పురుగుల మందు తాగినవాళ్లు రోజూ వచ్చేవాళ్లు. మిర్చి రేటు పడిపోయిన వారాల్లో క్యాజువాలిటీలో మంచాలు చాలేవి కావు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్‌ యాంప్యూల్స్‌ విరిచి విరిచి మా వేళ్లు కోసుకుపోయేవి. కొందరు రెండు రోజుల్లో లేచి కూర్చునేవాళ్లు, కొందరు వెంటిలేటర్‌ మీదికి వెళ్లేవాళ్లు. తాగిన ఎంతసేపటికి మన దగ్గరికి చేరారు అన్నదానికీ దీనికీ సంబంధం ఉందా అని నాకు అనుమానం. మా మెడిసిన్‌ ప్రొఫెసర్‌ గారిని అడిగితే "రికార్డు రూములో ఉంది జవాబు, వెళ్లి చూడు" అన్నారు. కేస్‌ షీట్లు నెలవారీగా పురికొసతో కట్టి, అటక దాకా పేర్చి ఉండేవి. అటెండరు సుబ్బారావు మావయ్య – మేమంతా అలాగే పిలిచేవాళ్లం – ఒక్కో కట్ట దించి, దుమ్ము దులిపి ఇచ్చేవాడు. డ్యూటీ అయ్యాక రూళ్ల పుస్తకంలో గళ్లు గీసుకుని రాసుకునేదాన్ని: వయసు, ఏ మందు, ఏ ఊరు, ఎన్ని గంటలకు తాగారు, ఎన్ని గంటలకు వచ్చారు. రెండొందల పైచిలుకు షీట్లు చూశాను. దాదాపు నాలుగో వంతు షీట్లలో ఎన్ని గంటలకు తాగారో రాసే లేదు. ఆ షీట్లలో కొన్ని నా చేతిరాతే.

దాంతో ఒక పోస్టరు వేశాను, అంతే. పేపరు కూడా కాలేదు. 2011 జనవరిలో, ఒకసారి మ్యాచ్‌ కాక రెండోసారి ప్రయత్నిస్తున్నప్పుడు, మిషిగన్‌లో ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన ఆ ఒక్క లైను మీద వేలు పెట్టి అడిగారు: "సమయం రాయని కేసుల్ని ఏం చేశావు?" నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాటిని లెక్కలోంచి తీసేశామని, తీసేశామని పోస్టరులో రాశామని, బాగా సీరియస్‌గా వచ్చినవాళ్ల షీట్లలోనే సమయం ఎక్కువగా రాయలేదని, ప్రాణం నిలబెట్టే హడావుడిలో అడగలేదని, అందువల్ల మా ఫలితం మీద నాకే పూర్తి నమ్మకం లేదని. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మిగిలిన పావుగంటా దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత క్యాజువాలిటీలో నువ్వేమైనా మార్చావా అని కూడా అడిగారు. కేస్‌ షీటు మొదటి పేజీ మీద 'తాగిన సమయం' అని మేం రబ్బరు స్టాంపు చేయించి కొట్టిన సంగతి చెప్పాను. నాకు సీటు వచ్చింది అక్కడే.

నీకు హౌస్‌ సర్జన్సీలో ఇంకా ఎన్ని నెలలున్నాయో రాయలేదు. ఆరు నెలలున్నా చాలు. నీ వార్డులో నీకు అర్థం కాని విషయం ఒకటి పట్టుకో. స్క్రబ్‌ టైఫస్‌ కేసులు వస్తున్నాయా? ఒంటి మీద ఆ నల్లటి పెచ్చు, ఎస్కార్‌, ఎంతమందిలో వెతికి రాశారో చూడు. చిన్న ప్రశ్నే. మీ యూనిట్‌లో ఓపికగా మాట్లాడే అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ ఒకరిని గైడ్‌గా ఉండమని అడుగు. పాత షీట్లే కదా అని ఎథిక్స్‌ కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు, వెనక్కి వెళ్లి తెచ్చుకునే కాయితం కాదది. శాంపిల్‌, లెక్కలు ఎస్పీఎం (సామాజిక వైద్యం) డిపార్ట్‌మెంట్‌లో అడిగితే చెప్తారు. ఇలాంటి పని రాసేటప్పుడు ఏమేం చెప్పాలో స్ట్రోబ్‌ అనే చెక్‌లిస్టు ఉంది, ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పని మొదలుపెట్టకముందే చదువు. అప్పుడు ఏ గడి మర్చిపోయావో ముందే తెలుస్తుంది. రాష్ట్ర స్థాయి కాన్ఫరెన్సులో పోస్టరు వేస్తే చాలు, పేపరు అయితే ఇంకా మంచిది. మహారాష్ట్రలో మహాడ్‌ దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమ్మత్‌రావ్‌ బావస్కర్‌ గారు తేలు కుట్టినవాళ్ల మంచం పక్కన కూర్చుని రాసుకున్న విషయాలే 1982లో లాన్సెట్‌ అనే పెద్ద వైద్య జర్నల్లో వచ్చాయి. ఆయనకి ల్యాబ్‌ లేదు, పేషెంట్లున్నారు. నీకూ ఉన్నారు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో తల్లీ. రోజుకి రెండు గంటలే మిగిలితే అవి సీకేకే ఇవ్వు. స్కోరు తగ్గితే ఏ పోస్టరూ దాన్ని పైకి లాగదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను రిటైర్డ్‌ స్కూలు టీచర్ని. మా అబ్బాయి 2019లో ఎంబీబీఎస్‌ పూర్తి చేశాడు. రెండుసార్లు మ్యాచ్‌ కాలేదు. ఏడాదిన్నరగా టెక్సాస్‌లో ఒక ప్రొఫెసర్‌ దగ్గర జీతం లేకుండా రీసెర్చి చేస్తున్నాడు. నెలనెలా ఇక్కడి నుంచే డబ్బు పంపుతున్నాం. ఇల్లు తాకట్టులో ఉంది. ఇంకో ఏడాది చేస్తే ఉత్తరం ఇస్తామన్నారట. చేయించమంటారా, వెనక్కి వచ్చేయమంటారా? వాడిని అడిగితే ఫోను పెట్టేస్తున్నాడు.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివి నేను ఒక రోజు ఆగి రాస్తున్నాను. ఈ పరిస్థితిలో నేనూ ఉన్నాను. నాకు మ్యాచ్‌ కాని ఏడాది ఒక చోట ఎనిమిది నెలలు జీతం లేకుండా డేటా ఎంట్రీ చేశాను. పేపరు అచ్చయ్యాక చూస్తే అందులో నా పేరు లేదు. కృతజ్ఞతల్లో కూడా లేదు. అప్పట్లో మా నాన్న ఫోను చేస్తే నేనూ పెట్టేసేదాన్ని. కోపం కాదండి అది. చెప్పడానికి ఏమీ లేక. కాబట్టి అబ్బాయిని ముందు 'ఎప్పుడు వస్తావు' అని అడక్కండి. ఈ కింది సంగతులు అడగండి. వాటికి జవాబులు వస్తే మీ ప్రశ్నకీ జవాబు వచ్చేస్తుంది.

మొదటిది అన్నిటికంటే ముఖ్యం. ఆ రెండుసార్లలో ఇంటర్వ్యూలు ఎన్ని వచ్చాయి? అసలు రాకపోతే జల్లెడలోనే ఆగిపోయాడన్నమాట, అంటే స్కోరు, పాసైన సంవత్సరం, వీసా. ఇంకో ఏడాది రీసెర్చి చేస్తే ఆ మూడూ మారవు, పైగా పాసైన సంవత్సరం ఇంకో ఏడాది పాతబడుతుంది. చాలా ప్రోగ్రాములు ఐదేళ్లు దాటితే చూడడం లేదు. నాలుగైదు ఇంటర్వ్యూలు వచ్చి కూడా మ్యాచ్‌ కాకపోతే అది వేరే సంగతి. కాయితం బాగానే ఉందన్నమాట, మాట్లాడటంలో ఎక్కడో తడబడుతున్నాడు. దానికి మందు ల్యాబులో లేదు, ఎవరితోనైనా కూర్చుని పది ఇంటర్వ్యూలు ప్రాక్టీసు చేయడంలో ఉంది. నాతో చేస్తానన్నా సరే, పత్రిక ద్వారా రాయమనండి.

రెండోది. ఆ ప్రొఫెసర్‌ గారి డిపార్ట్‌మెంట్‌లో రెసిడెన్సీ ప్రోగ్రాము ఉందా? ఉంటే, అక్కడ రీసెర్చి చేసిన విదేశీ డాక్టర్లలో ఇంతకుముందు ఎవరినైనా రెసిడెంటుగా తీసుకున్నారా? పేరు చెప్పగలిగితే అబ్బాయి అక్కడ ఉండటానికి అర్థం ఉంది. అలా తలుపు తెరుచుకున్నవాళ్లు నాకు తెలుసు. రీసెర్చి వల్ల వచ్చే అసలైన లాభం పేపరు కాదండి, ఏడాది పాటు నిన్ను రోజూ చూసిన మనిషి ఫోను తీసి 'ఈ కుర్రాడిని తీసుకోండి' అని చెప్పడం. ఏడాదిన్నర చూశాక కూడా ఉత్తరం రాయడానికి ఇంకో ఏడాది కావాలన్నారంటే నాకు నమ్మకం కలగడం లేదు. ఉత్తరం ఇప్పుడే అడగమనండి. ఇవ్వకపోతే వచ్చే ఏడాది కూడా ఇవ్వరనే అనుకోవాలి.

మూడోది. ఏ వీసా మీద ఉన్నాడు? జే-1 రీసెర్చ్‌ స్కాలర్‌ అయితే ఒక దారి. టూరిస్టు వీసా మీద ల్యాబులో పని చేస్తుంటే, జీతం లేకపోయినా సరే, రేపు ఇబ్బంది అవుతుంది. ఇమ్మిగ్రేషన్‌ లాయరుకి ఒక్క గంట ఫీజు కట్టి కనుక్కోమనండి. నెలనెలా మీరు పంపే దాంట్లో అది చిన్న ఖర్చు.

నాలుగోది, పేషెంటుని చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నాడు? పూర్తిగా కంప్యూటర్‌ ముందే ఉంటే, ఇంటర్వ్యూలో మేం అడిగే మొదటి ప్రశ్న అదే. వారానికి ఒక పూటైనా ప్రొఫెసర్‌ గారి క్లినిక్‌లో పక్కన నిలబడి చూసే అవకాశం అడగమనండి.

2024 మ్యాచ్‌లో అమెరికా పౌరులు కాని, బయటి దేశాల్లో చదివిన డాక్టర్లలో సీటు వచ్చింది 58.5 శాతానికి. అంటే నూటికి నలభై మంది పైనే, కష్టపడి చదివినవాళ్లే, ఖాళీ చేతులతో మిగిలారు. అబ్బాయిలో లోపం వల్లే ఇలా జరిగిందని మీరు అనుకోవద్దు, అతన్ని అనుకోనివ్వొద్దు. ఇంకొక్క సీజన్‌ ప్రయత్నిస్తే ఇంటర్నల్‌ మెడిసిన్‌తో పాటు ఫ్యామిలీ మెడిసిన్‌, పీడియాట్రిక్స్‌, అతనికి నిజంగా ఇష్టమైతే పాథాలజీ కూడా పెట్టమనండి. మార్చి మూడో వారంలో సోమవారం నాడు మ్యాచ్‌ అయిందో లేదో తెలిసిపోతుంది. ఆ సోమవారమే ఆఖరని ఇప్పుడే ఇద్దరూ కూర్చుని అనుకోండి. ఇల్లు ఇంకోసారి తాకట్టు పెట్టొద్దు. వెనక్కి వస్తే నీట్‌ పీజీ ఉంది, ఏరియా ఆసుపత్రుల్లో డ్యూటీ డాక్టరు ఉద్యోగాలున్నాయి. ఖమ్మంలో డాక్టరుగా బతకడం ఓడిపోవడం కాదు మాస్టారూ. ఈ మాట అబ్బాయి మీ నోటి నుంచి వినాలి.

ప్రశ్న: అక్కా, నేను కర్నూల్లో ఫైనలియర్‌. యూఎస్‌లో న్యూరోసర్జరీ చేయాలని ఉంది. మెడిసిన్‌కి రీసెర్చి అంత ముఖ్యం కాదని మీరు ఇంతకుముందు ఒకసారి రాశారు. న్యూరోసర్జరీకి కూడా అంతేనా?

జవాబు: కాదు తమ్ముడూ, పూర్తిగా వేరు. 2022 ఎన్‌ఆర్‌ఎంపీ నివేదికలో న్యూరోసర్జరీ సీటు వచ్చిన అమెరికా మెడికల్‌ కాలేజీల విద్యార్థులకే అబ్‌స్ట్రాక్టులు, ప్రెజెంటేషన్లు, పబ్లికేషన్లు కలిపిన అంకె సరాసరి 25 దాటింది. పైన కాకినాడ అమ్మాయికి చెప్పిన సరాసరి లెక్క ఇక్కడా వర్తిస్తుంది, అయినా ఇది చిన్న అంకె కాదు. సీట్లు తక్కువ, ట్రైనింగ్‌ ఏడేళ్లు. అందులో చాలాచోట్ల రీసెర్చికే ఒక ఏడాదో రెండేళ్లో కేటాయిస్తారు. అంటే వాళ్లకి కావాల్సింది ఆపరేషన్‌ చేసే మనిషి మాత్రమే కాదు, ల్యాబులో కూర్చోగలిగే మనిషి కూడా. మన దేశం నుంచి వచ్చి ఆ సీటు తెచ్చుకున్నవాళ్లు సాధారణంగా రెండు మూడేళ్లు, కొందరు ఇంకా ఎక్కువ, ఒకే డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చి ఫెలోగా పనిచేసి, అక్కడి సర్జన్లకు ఇంటిమనిషి అయ్యాక తెచ్చుకున్నవాళ్లే. అంతా చేసినా రానివాళ్లున్నారు. డెర్మటాలజీ, ప్లాస్టిక్‌ సర్జరీ కూడా ఇంచుమించు ఇదే దారి.

నీకు మెదడు మీద ప్రేమా, అమెరికా మీద ప్రేమా అన్నది నిజాయితీగా తేల్చుకో. మెదడు మీదయితే ఐఎన్‌ఐ సెట్‌ రాసి నిమ్‌హాన్స్‌, ఎయిమ్స్‌ లాంటి చోట ఎంబీబీఎస్‌ తర్వాత నేరుగా ఆరేళ్ల ఎంసీహెచ్‌ (న్యూరోసర్జన్‌ని చేసే డిగ్రీ) చేయొచ్చు. అక్కడ నీ చేతికి వచ్చే కేసులు ప్రపంచంలో చాలామందికి రావు. అమెరికాయే అయితే ఇప్పటి నుంచే మొదలుపెట్టు. మీ తర్వాతి బ్యాచుల్లో ఆసక్తి ఉన్నవాళ్లకి కూడా చెప్పు, విద్యార్థుల కోసం మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌ 1979 నుంచి రెండు నెలల షార్ట్‌ టర్మ్‌ స్టూడెంట్‌షిప్‌ నడుపుతోంది. పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి మొదటి మెట్టు నాకు తెలియదు.

ప్రశ్న: జర్నల్‌కి పంపాం, ఇంకా జవాబు రాలేదు. అప్లికేషన్లో పెట్టొచ్చా? ఇంకొకటి రాస్తున్నాను, అదీ పెట్టొచ్చా?
– హనుమకొండ

జవాబు: పంపినది 'సబ్‌మిటెడ్‌' అని పెట్టొచ్చు, అప్లికేషన్‌ పంపేనాటికి నిజంగా జర్నల్‌ చేతిలో ఉంటేనే. జర్నల్‌ నుంచి వచ్చిన మెయిల్‌ దాచుకోండి. మధ్యలో అచ్చయితే ప్రోగ్రాములకు రెండు లైన్ల మెయిల్‌ పెట్టండి. రాస్తున్నది పబ్లికేషన్ల కింద పెట్టొద్దు. అనుభవాల భాగంలో ఆ ప్రాజెక్టు గురించి రాసుకోండి. 2023 సెప్టెంబరు నుంచి అందులో పది అనుభవాలకే చోటు, వాటిలో మూడింటిని మాత్రమే ముఖ్యమైనవిగా ఎంచుకుని, ఎందుకు ముఖ్యమో అదనంగా రాయనిస్తున్నారు. నేను ముందు చదివేది ఆ మూడే.

ప్రశ్న: మేడమ్‌, మా వార్డులో చాలా అరుదైన కేసు వచ్చింది. కేస్‌ రిపోర్ట్‌ రాయాలనుకుంటున్నాం. పేరు రాయం కదా, పేషెంట్‌ అనుమతి తప్పనిసరా? ఆయనకి చదువు రాదు, చెప్పినా అర్థం కాదేమో.
– హౌస్‌ సర్జన్‌, సూర్యాపేట

జవాబు: తప్పనిసరి. పేరు లేకపోయినా ఫొటో, ఊరు, వృత్తి, వయసు, జబ్బు కలిపితే ఆ ఊళ్లోవాళ్లు గుర్తుపట్టేస్తారు. జర్నళ్లు రాతపూర్వక అనుమతి అడుగుతాయి. కేస్‌ రిపోర్టులకు 'కేర్‌' అనే మార్గదర్శకాలున్నాయి, 2013లో వచ్చాయి, అందులోనూ పేషెంటు అనుమతి, పేషెంటు తన మాటల్లో చెప్పుకున్నది రెండూ ఉన్నాయి.

అర్థం కాదేమో అన్నావు. అర్థమవుతుంది బాబూ, మనం కూర్చుని చెప్పాలి. రౌండ్స్‌లో నిలబడి కాదు, సాయంత్రం పూట ఆయన తిన్నాక, ఇంట్లోవాళ్లు పక్కన ఉన్నప్పుడు. తెలుగులో రాసిన కాయితం చేత్తో పట్టుకుని గట్టిగా చదివి వినిపించు. "నీ జబ్బు గురించి వేరే డాక్టర్లు చదువుకోవడానికి రాస్తాం పెద్దయ్యా, నీ పేరు రాయం, మొహం చూపించం, నువ్వు వద్దంటే రాయం, వద్దన్నా నీ వైద్యం ఇలాగే జరుగుతుంది" అని చెప్పు. ఆ చివరి మాట రెండుసార్లు చెప్పు. ఎందుకంటే వద్దంటే మందులు ఆపేస్తారేమోనన్న భయం వాళ్లకుంటుంది.

నేను ఇలా మొదటిసారి అడిగింది ఒక మిర్చి కూలీని. అంతా విని, "నా లాంటోడు ఇంకోడొస్తే తొందరగా కనిపెడతారా?" అని అడిగాడు. అవునన్నాను. ఇంకు ప్యాడ్‌ వైపు చెయ్యి చాపాడు. కాయలు కోసి కోసి అరిగిపోయిన బొటనవేలు, గీతలు సరిగా పడలేదు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేయించాల్సి వచ్చింది.